పిల్లులకు వచ్చే ఎఫ్‌ఐపీ జబ్బుకు మందు ఉంది, దాన్ని చీటీ మీద రాసే వీలు డాక్టర్లకు కల్పించండి

ఔషధ నియంత్రణ అధికారులకు, పశువైద్య మండళ్లకు, పిల్లులకు వైద్యం చేసే డాక్టర్లకు, యాంటీవైరల్ మందులు తయారుచేసే సంస్థలకు,

నమస్కారం.

నేనూ, నాలాగే పిల్లులను పెంచుకుంటూ, తల్లి లేని కూనలను చేరదీసి సాకే మరికొందరూ ఈ విషయం మీద ఇదివరకే మీలో కొందరికి విడివిడిగా రాశాం. ఉత్తరం అందిందన్న రసీదు వచ్చింది, ఆ తర్వాత కబురు లేదు. ఒక కార్యాలయం వారు ఇది పశువైద్య మండలి చూసుకోవాల్సిన సంగతన్నారు. మండలిని అడిగితే మందుల అనుమతి తమ పరిధిలోకి రాదన్నారు. నిబంధనల ప్రకారం ఇద్దరి మాటా నిజమే కావచ్చు. జబ్బుపడ్డ పిల్లికి మాత్రం అంత వ్యవధి ఉండదు. అందుకే ఈసారి మీకందరికీ కలిపి, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నా విన్నపం ఒక్కటే. పిల్లులకు వచ్చే ఫీలైన్ ఇన్‌ఫెక్షియస్ పెరిటొనైటిస్, అందరూ ఎఫ్‌ఐపీ అని పిలిచే జబ్బు, ఈరోజు నయమయ్యే జబ్బు. దాన్ని నయం చేసే మందు ఊరూ పేరూ లేని అమ్మకందారుల చేతుల్లోంచి బయటికి రావాలి. డాక్టరు చీటీ మీద, నాణ్యత పరీక్షించిన రూపంలో, ఎవరికైనా దొరకాలి.

ఈ జబ్బు గురించి వినని వాళ్ల కోసం నాలుగు మాటలు. పిల్లులకు సోకే ఒక కరోనా వైరస్ ఉంది. అది పేగుల్లో ఉంటుంది, మలం ద్వారా పాకుతుంది. పది పిల్లులు ఒకే లిట్టర్ ట్రే వాడే చోట దాదాపు అన్నిటికీ అంటుతుంది. వాటిలో చాలావాటికి కాస్త విరేచనాలు పట్టి తగ్గిపోతాయి, కొన్నిటికి అదీ ఉండదు. నూటికి పది లోపు పిల్లుల్లో మాత్రం ఆ వైరస్ ఒంట్లోనే మార్పు చెంది, రోగనిరోధక కణాల్లోకి దూరి, రక్తనాళాలను వాపెక్కిస్తుంది. అదే ఎఫ్‌ఐపీ. ఎక్కువగా రెండేళ్ల లోపు పిల్లులకే వస్తుంది. ఒక రకంలో పొట్టలోనో ఛాతీలోనో పసుపు రంగు ద్రవం చేరుతుంది. ఇంకో రకంలో ద్రవం కనపడదు, లోపలి అవయవాల్లో గడ్డలు కడతాయి. కొన్నిటికి కళ్లు మసకబారతాయి, కొన్నిటికి వెనక కాళ్లు తడబడతాయి, మూర్ఛ వస్తుంది. మనుషులకు ఇది అంటదు.

1963లో బోస్టన్‌లోని ఏంజెల్ మెమోరియల్ పశువుల ఆసుపత్రి వైద్యురాలు జీన్ హోల్జ్‌వర్త్ ఈ జబ్బును మొదటిసారి విడిగా గుర్తించి రాశారు. అప్పటి నుంచి యాభై ఏళ్లకు పైగా డాక్టర్ల దగ్గర దీనికి జవాబు లేదు. పొట్టలో నీరు చేరిన పిల్లి రోజుల్లోనో, కొద్ది వారాల్లోనో పోయేది. స్టెరాయిడ్ ఇచ్చి నాలుగు రోజులు ఊరట కలిగించడం, లేదంటే బాధ లేకుండా ప్రాణం తీయడం, ఈ రెండే దారులు. ఆ రోజుల్లో “ఇక చేసేదేమీ లేదు” అన్న డాక్టరును ఎవరూ తప్పుపట్టలేరు.

ఆ రోజులు పోయాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే యాంటీవైరల్‌ను సహజంగా ఎఫ్‌ఐపీ వచ్చిన 31 పిల్లులకు ఇచ్చి 2019లో ఫలితాలు ప్రచురించింది. వాటిలో 26 పిల్లులు కనీసం పన్నెండు వారాల వైద్యం పూర్తిచేశాయి. చివరికి 25 దీర్ఘకాలం ఆరోగ్యంగా నిలిచాయి. ఈ అణువు మీకు కొత్తదేమీ కాదు. కోవిడ్ రోజుల్లో ప్రపంచమంతా వెతుక్కున్న రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్లాక మారేది ఇందులోకే. రెండూ గిలియడ్ సంస్థ పరిశోధనలోంచి వచ్చినవే. రెమ్‌డెసివిర్‌కు 2020 అక్టోబరులో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. పిల్లులను బతికించిన రూపం మాత్రం పిల్లుల మందుగా అనుమతి పొందలేదు.

ఆ ఖాళీలోకి నల్లబజారు వచ్చి కూర్చుంది. దాని ఫలితం ఎవరి మీద ఎలా పడుతోందో వరసగా చెబుతాను.

1. ఇస్తున్నది ఏమిటో ఇచ్చేవాళ్లకు తెలియదు.

నా చేతిలోకి వచ్చిన ఒక సీసా సంగతి చెబుతాను. బొటనవేలంత గాజు సీసా, రబ్బరు మూత. దాని మీద రంగు కాగితం, ఒక పిల్లి బొమ్మ, మిల్లీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఒక అంకె. తయారీదారు పేరు లేదు. బ్యాచ్ నంబరు లేదు. గడువు తేదీ లేదు. మాత్రల పొట్లాల మీదైతే చాలాసార్లు పోషకాహారం అని రాసి ఉంటుంది, లోపల మందు ఉందన్న మాటే ఉండదు. ఇలాంటి మందులను పరిశోధకులు ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు, సీసా, పొట్లం మీద రాసిన మోతాదుకూ లోపల ఉన్నదానికీ పొంతన కుదరలేదని తేలింది. కొన్నిట్లో ఎక్కువ, కొన్నిట్లో తక్కువ. ఒకే పిల్లికి ఈ వారం ఒక సీసా, వచ్చే వారం ఇంకో సీసా వాడినప్పుడు ఒంట్లోకి వెళ్లేది ఎంతో ఎవరు చెప్పగలరు?

ఇంజెక్షన్ రూపంలో ఉన్న ఈ ద్రవానికి ఆమ్ల గుణం ఎక్కువ, చర్మం కింద విపరీతంగా మండుతుంది. ఇంట్లో ఒకరు పిల్లిని తువ్వాలులో చుట్టి పట్టుకుంటారు, ఇంకొకరు వణికే చేత్తో సూది గుచ్చుతారు. పిల్లి అరుస్తుంది, రక్కుతుంది. రెండో వారానికి దానికి ఆ వేళ తెలిసిపోతుంది, సిరంజీ కవరు చప్పుడు వినగానే మంచం కిందికి దూరుతుంది. సూది పడిన చోట బొచ్చు ఊడి పుండ్లు పడతాయి. ఇదంతా 84 రోజులు, రోజూ ఒకే వేళకు. పిల్లి కోలుకుంటున్నకొద్దీ దానికి బలం వస్తుంది, పట్టుకోవడం మరింత కష్టమవుతుంది. ఈ పనికి శిక్షణ పొందిన మనిషి వీధి చివర ఆసుపత్రిలో ఉన్నా, ఆ సూది తాను వేయలేనని వెనక్కి పంపడం ఎంతోమందికి ఎదురైంది.

2. డోసు లెక్క సందేశాల్లో తేలుతోంది.

ఈ మందు పనిచేయడమంతా మోతాదు మీదే ఆధారపడి ఉంది. పొట్టలో నీరు చేరిన మామూలు కేసుకు నోటి మందైతే కిలో బరువుకు రోజుకు సుమారు 15 మిల్లీగ్రాములు ఇస్తున్నారు. కంటికి పాకితే అంతకంటే కాస్త ఎక్కువ కావచ్చు, మెదడుకు పాకితే రోజుకు 20 వరకు, రెండు పూటలుగా. జబ్బుతో ఎండిపోయి రెండు కిలోలున్న పిల్లికి రోజుకు 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారనుకుందాం. మందు పనిచేసి అది తింటుంది, పెరుగుతుంది, నెలన్నరకు మూడు కిలోలవుతుంది. ఇప్పుడు దానికి 45 కావాలి. వారం వారం తూకం వేయాలని ఎవరూ చెప్పకపోతే అదే 30 దగ్గర ఆగిపోతారు, అంటే కిలోకు 10కి పడిపోయినట్టు. బాగుపడుతోందన్న సంతోషంలో ఉండగానే లోపల వైరస్ మళ్లీ తలెత్తుతుంది. ఇలా తిరగబెట్టిన పిల్లులను నేను చూశాను. వాటి యజమానులు నిర్లక్ష్యం చేసినవాళ్లు కారు. వాళ్లకు లెక్క చెప్పే డాక్టరు లేడు, అంతే.

ఆ లోటును ఇంతవరకూ పూడుస్తున్నది ఫోన్ల మీద ఒకరికొకరు సాయపడే మామూలు మనుషులు. అర్ధరాత్రి లేచి ఎవరిదో రక్తపరీక్ష కాగితం చూసి జవాబిచ్చేవాళ్లు, తమ పిల్లి చనిపోతే మిగిలిన మందును మర్నాడే ముక్కూమొహం తెలియని వాళ్లకు పంపేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ వాళ్లలో ఎక్కువమంది వైద్యం చదవలేదు. కాలేయం దెబ్బతిన్న పిల్లిని, ఛాతీలో నీరు చేరి ఊపిరాడని పిల్లిని ఫోన్లో ఫోటో చూసి నడిపించే బాధ్యత వాళ్ల మీద పడకూడదు.

3. జబ్బు పేరు తేలేలోపే రోజులు గడిచిపోతున్నాయి.

ఇది డాక్టర్లకు ప్రత్యేకంగా. జ్వరం, నీరసం, పొట్ట ఉబ్బు. ముందు ఒక యాంటీబయాటిక్, తగ్గకపోతే ఇంకోటి, ఆ తర్వాత మూడోది. ఈలోగా పిల్లి వెన్నెముక చేతికి తగిలేంత చిక్కిపోతుంది. చివరికి పెద్ద ప్రయోగశాలకు నమూనా పంపుతారు, జవాబు వచ్చేసరికి పిల్లి ఉండదు. అన్ని చోట్లా పెద్ద పరికరాలు ఉండవని నాకు తెలుసు. అవి లేకుండా చేయగల పని చాలానే ఉంది.

రివాల్టా పరీక్షనే తీసుకోండి. ఒక గాజు గొట్టంలో ఏడెనిమిది మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, ఒక చుక్క గాఢ ఎసిటిక్ ఆమ్లం కలిపి, పొట్టలోంచి తీసిన ద్రవం ఒక్క చుక్క మెల్లగా పైన వదలాలి. చుక్క విచ్చిపోయి నీళ్లలో కలిసిపోతే ఎఫ్‌ఐపీ కాకపోవడానికే అవకాశం ఎక్కువ. చెదరకుండా ముద్దగా పైనే నిలిచినా, మెల్లగా అడుగుకు జారినా ఎఫ్‌ఐపీని గట్టిగా అనుమానించాలి. పొట్ట లోపలి పొర వాచి చీము పట్టిన పెరిటొనైటిస్‌లోనూ, లింఫోమా అనే క్యాన్సర్ ఉన్న కొన్ని కేసుల్లోనూ చుక్క ఇలాగే నిలవవచ్చు కాబట్టి ఆ ద్రవాన్ని సూక్ష్మదర్శిని కింద కూడా చూడాలి. దీనికి తోడు రక్తంలో ఆల్బుమిన్, గ్లోబులిన్ అనే ప్రొటీన్ల నిష్పత్తి చూస్తే చాలు. అది 0.4 కంటే తక్కువుంటే అనుమానం బలపడుతుంది, 0.8 దాటితే ఎఫ్‌ఐపీ అయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. ఇదంతా ఒక్క పూటలో అయిపోయే పని.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు ఇంకోటి జరుగుతోంది. కరోనా యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ రాగానే ఎఫ్‌ఐపీ అని ముద్ర వేస్తున్నారు. ఆ పరీక్ష చెప్పేది పిల్లి ఎప్పుడో కరోనా వైరస్ బారిన పడిందని మాత్రమే, జబ్బు ఉందని కాదు. ఆ ఒక్క కాగితం చూసి ఆడుకుంటూ తిరిగే పిల్లులను చంపించుకున్న ఇళ్లున్నాయి.

4. డాక్టరు వెనక్కి తగ్గితే మిగతా వైద్యమూ ఆగిపోతోంది.

మా అనుభవంలో మమ్మల్ని బాగా గాయపరిచింది ఇదే. మందు మీరు ఇవ్వక్కర్లేదు, రక్తపరీక్ష చేయండి చాలు అని ఒక ఆసుపత్రిలో అడిగాం. అనుమతి లేని మందు వాడుతున్న పిల్లి కేసు తాము తీసుకోలేమన్నారు. ఆ డాక్టరు కఠినమైన మనిషేం కాదు. మాతో మాట్లాడుతూ పిల్లి తల నిమురుతూనే ఉన్నారు. తన లైసెన్సుకు ఏమవుతుందోనన్న భయం ఆ ముఖంలో కనిపించింది. చట్టం ఏం అనుమతిస్తుందో ఎవరూ రాతపూర్వకంగా చెప్పకపోవడం వల్ల పుట్టిన భయం అది. సెలైన్ పెట్టడం, ఛాతీలో నీరు తీసి ఊపిరి ఆడేలా చేయడం, కాలేయం ఎలా ఉందో తెలిపే బిలిరుబిన్ చూడడం, ఆకలి పుట్టించడం, ఇవన్నీ మామూలు వైద్యం. ఇవి కూడా దొరక్క, యాంటీవైరల్ పనిచేయడానికి కావాల్సిన మొదటి రెండు మూడు రోజులు దాటలేక పోయిన పిల్లులున్నాయి.

5. మనుషుల గుళికలు వంటగదిలో పంచుకుంటున్నారు.

జీఎస్-441524 దొరకని చోట మోల్నుపిరవిర్ వైపు చూస్తున్నారు. అదీ పిల్లుల్లో పనిచేస్తోంది. కానీ మనుషుల గుళికలో 200 మిల్లీగ్రాములు ఉంటుంది, రెండు కిలోల పిల్లికి పూటకు అందులో పదో వంతో ఏడో వంతో సరిపోతుంది. గుళిక విప్పి, పొడిని కాగితం మీద పరిచి, బ్లేడుతో వాటాలు వేస్తున్నారు. జన్యుపదార్థంలో మార్పులు తెచ్చి వైరస్‌ను దెబ్బకొట్టే మందు ఇది. గర్భిణులకు దీన్ని సిఫారసు చేయరు. ఆ పొడిని చేతితొడుగులు లేకుండా తాకుతున్న ఇంట్లో గర్భిణి ఉండవచ్చు, పసిపిల్లలు ఉండవచ్చు. ఎంత మోతాదు దాటితే పిల్లి రక్తకణాలు తగ్గుతాయో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ ఒక్క అంశం కోసమైనా ఔషధ నియంత్రణ అధికారులు కదలాలి.

6. ఇంట్లో మిగిలిన పిల్లులకూ శిక్ష పడుతోంది.

ఒక పిల్లికి ఎఫ్‌ఐపీ అనగానే మిగతావాటిని ఇంట్లోంచి పంపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. మామూలు ఎఫ్‌ఐపీలో మారిన వైరస్ ఒక పిల్లి నుంచి ఇంకోదానికి పాకడం అరుదు. పాకేది మారకముందున్న పేగుల వైరస్, అది ఆ ఇంట్లో మిగతావాటికి అప్పటికే సోకి ఉంటుంది. 2023లో సైప్రస్‌లో వ్యాపించిన రకం మాత్రం దీనికి భిన్నం. కుక్కల కరోనా వైరస్‌లోని భాగం కలిసిన ఆ రకం పిల్లి నుంచి పిల్లికి నేరుగా పాకింది. ఈ తేడా తెలియక షెల్టర్లలో మొత్తం గదులకు గదులు ఖాళీ చేస్తున్నారు, దత్తతకు సిద్ధంగా ఉన్న కూనలను ఎవరూ తీసుకోవడం లేదు.

7. డబ్బు. ధర అమ్మేవాడి నోటిమాట. రసీదు ఉండదు, నకిలీ అని తేలితే ఫిర్యాదు చేయడానికి చోటుండదు. అప్పు చేసి సగం వైద్యం చేయించి, డబ్బు అయిపోయి మధ్యలో ఆపేసిన వాళ్ల గురించి ఇంకేమీ రాయలేను.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నేను ఎరుగుదును. వాటిని పక్కన పెట్టి అడగడం న్యాయం కాదు.

ఆధారాలు చాలవని అంటారు. మొదట్లో ఆ మాట నిజం. 2021లో వచ్చిన, 393 పిల్లుల యజమానులను అడిగి చేసిన సర్వేలో నూటికి 96కు పైగా బతికి ఉన్నాయని తేలినా, అది స్వచ్ఛందంగా జవాబిచ్చినవాళ్ల లెక్క, జబ్బు నిర్ధారణ కూడా అన్నిట్లో పక్కాగా జరగలేదు. దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని అనుమతి ఇవ్వమని నేనడగను. ఆ తర్వాత వచ్చినవి వేరు. జర్మనీలో మ్యూనిక్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో నోటి మందు ఇచ్చిన 18 పిల్లులూ కోలుకున్నాయి. చట్టబద్ధంగా తయారైన రెమ్‌డెసివిర్, జీఎస్-441524 వాడిన 307 పిల్లుల వివరాలు 2023లో అచ్చయ్యాయి. తొలి విడత వైద్యం ముగిసేనాటికి వాటిలో 88.6 శాతం బతికి ఉన్నాయి. 2024లో మ్యూనిక్ బృందమే 40 పిల్లులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి 42 రోజులు, ఇంకో వర్గానికి 84 రోజులు మందు ఇచ్చింది. మొత్తం 38 కోలుకున్నాయి, రెండు వర్గాల మధ్య ఫలితంలో తేడా కనపడలేదు. మెదడుకు పాకని, నీరు చేరిన రకానికి సగం రోజులే సరిపోవచ్చన్నమాట. ఈ కబురు ఒక మామూలు కుటుంబానికి ఎంత పెద్దదో ఆలోచించండి. సగం ఖర్చు, సగం బాధ. కానీ డాక్టరు పర్యవేక్షణ, రక్తపరీక్షలు, నమ్మదగిన మందు ఉంటేనే 42వ రోజున ధైర్యంగా ఆపగలం. వీధిలో కొన్న సీసాతో ఎవరు ఆపుతారు?

వైరస్ మొండికెత్తుతుందని, మనుషుల మందులకు ముప్పు వస్తుందని ఇంకో అభ్యంతరం. అది నిజమైన భయమే. అయితే వైరస్‌కు మందును తట్టుకోవడం నేర్పేది చాలీచాలని మోతాదు, మధ్యలో ఆపేసిన వైద్యం. ఇప్పుడు లెక్కాపత్రం లేకుండా జరుగుతున్నది సరిగ్గా అదే. చీటీ మీద, తూకం ప్రకారం, చివరిదాకా ఇస్తే ఆ ముప్పు తగ్గుతుంది.

ఇక చట్టం ఒప్పుకోదన్న మాట. దారి వేసిన దేశాలు కళ్లముందే ఉన్నాయి. ఆస్ట్రేలియాలో, ఆ తర్వాత 2021 ఆగస్టు నుంచి బ్రిటన్‌లో, డాక్టరు చీటీ మీద ప్రత్యేకంగా తయారుచేసిన మందు చట్టబద్ధంగా దొరుకుతోంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 మేలో ఒక ప్రకటన చేసింది. పశువైద్యుడు ఫలానా పిల్లికి అని రాసిన చీటీ ప్రకారం ఫార్మసీ తయారుచేసే జీఎస్-441524 మీద, కొత్త మందుకు అనుమతి లేదన్న కారణంతో చర్య తీసుకునే ఉద్దేశం లేదని అందులో చెప్పింది. సైప్రస్ ప్రభుత్వం 2023 ఆగస్టులో మనుషుల కోవిడ్ కోసం నిల్వచేసిన మోల్నుపిరవిర్‌ను పిల్లుల వైద్యానికి విడుదల చేసింది. వీటిలో ఏదీ పూర్తిస్థాయి కొత్త మందు అనుమతి కోసం ఏళ్లతరబడి ఎదురుచూసి చేసింది కాదు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. ఔషధ నియంత్రణ అధికారులు: పశువైద్యుడి చీటీ మీద, ఫలానా పిల్లి కోసం, లైసెన్సున్న ఫార్మసీ జీఎస్-441524 మాత్రలనూ ద్రవాన్నీ తయారుచేసి ఇవ్వడానికి అనుమతిస్తూ ఉత్తర్వు ఇవ్వండి. మనుషుల కోసం అనుమతి ఉన్న రెమ్‌డెసివిర్‌ను పశువైద్యులు వాడవచ్చా లేదా అన్నది అదే ఉత్తర్వులో విడిగా, సందేహానికి తావులేకుండా రాయండి. ప్రతి బ్యాచ్‌లో మందు ఎంతుందో పరీక్షించిన కాగితం సీసాతోపాటే రావాలి. నల్లబజారు మీద దాడులు చేసేముందు చట్టబద్ధమైన మందు అందుబాటులోకి తెండి. ముందు దాడులు, తర్వాత అనుమతి అంటే, ఇప్పుడు వైద్యం సగంలో ఉన్న పిల్లులన్నీ పోతాయి.

2. పశువైద్య మండళ్లు: యజమాని తెచ్చుకున్న మందు వాడుతున్న పిల్లికి పరీక్షలు చేయడం, తూకం చూసి సలహా ఇవ్వడం, సహాయక వైద్యం చేయడం క్రమశిక్షణ చర్యకు కారణం కాదని ఒక్క పేజీ సర్క్యులర్ ఇవ్వండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. ఒక సంతకం చాలు.

3. డాక్టర్లు: జ్వరం యాంటీబయాటిక్‌కు లొంగని చిన్న వయసు పిల్లి వచ్చినప్పుడు మొదటి రోజే ఎఫ్‌ఐపీని లెక్కలోకి తీసుకోండి. యాంటీబాడీ పరీక్ష ఒక్కదాని మీద తీర్పు చెప్పకండి. “ప్రాణం తీయించడం మంచిది” అనేముందు మందు ఉందన్న సంగతి యజమానికి చెప్పండి. ఆ మందు కొనే శక్తి వాళ్లకు ఉందో లేదో వాళ్లను తేల్చుకోనివ్వండి. వైద్యం మొదలైతే వారానికోసారి తూకం, రెండో వారం, ఆరో వారం, చివర్లో రక్తపరీక్ష, మందు ఆపాక పన్నెండు వారాల గమనింపు, ఈ పట్టిక రాసి వాళ్ల చేతిలో పెట్టండి.

4. తయారీ సంస్థలు: ఈ అణువును తయారుచేయడం మీకు చేతకాని పని కాదు. పశువుల మందుగా అనుమతికి దరఖాస్తు చేయండి. నోటి మందు మీద ముందు దృష్టి పెట్టండి, సూది బాధ తప్పుతుంది. కూనలకు తగినట్టు చిన్న మోతాదు మాత్రలు, విరిచే గీతతో సహా, చేయండి. షెల్టర్లకూ, వీధి పిల్లులను సాకేవాళ్లకూ తగ్గింపు ధర ముందే ప్రకటించండి.

5. పశువైద్య కళాశాలలు ఈ ఉత్తరం మొదట్లో లేవు, అయినా అడుగుతున్నాను. ఎఫ్‌ఐపీకి మందు లేదని చెప్పే పాఠం ఇంకా ఎక్కడైనా ఉంటే ఈ ఏడాదే మార్చండి. వైద్యం పొందిన ప్రతి కేసును, బతికినా పోయినా, నమోదు చేసే ఒక ఉమ్మడి పట్టీ మీ ఆసుపత్రుల్లో మొదలుపెట్టండి. మా దగ్గరున్న తూకాల పుస్తకాలు, పరీక్ష కాగితాలు, ఏ మందు ఏ రోజు ఎంత ఇచ్చామన్న రాతలు అన్నీ మీకు అప్పగించడానికి సిద్ధం.

వీటిలో రెండోదీ మూడోదీ రేపటి నుంచే మొదలుకావచ్చు. మొదటిదానికి ఎంతకాలం పడుతుందో తేదీతో సహా చెప్పండి, ఎవరిని కలవాలో ఒక అధికారి హోదా చెప్పండి. కుదరదనేటట్టయితే ఏ నిబంధన అడ్డమో ఆ నిబంధన సంఖ్యతో రాయండి. దాన్ని మార్చమని ఎవరిని అడగాలో అప్పుడు మేం చూసుకుంటాం. ఉత్తరం అందిందన్న రసీదు మాత్రం ఈసారి సరిపోదు. జవాబు కూడా ఇలాగే అందరూ చదివేలా ఇవ్వండి. ఈ వారం ఎవరి పిల్లికి ఈ జబ్బని తేలిందో, వాళ్లు దానికోసం చూస్తున్నారు.

ఇట్లు,
పిల్లులను పెంచుకునేవాళ్లు, చేరదీసి సాకేవాళ్లు అందరి తరఫున,
వారిలో ఒకరు